నడుం పట్టిన రోజు ఇచ్చిన కొలతలు

శనివారం పొద్దున పళ్ల డాక్టరు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి ఒక దవడపన్ను పీకాలి, పదింటికి గోల్ఫు స్టూడియోలో కొలతలివ్వాలి, ఒంటిగంటకు ఇంటికొచ్చి భోంచెయ్యాలి. మరో రెండువారాలకు వియ్యంకుడితో ఆట ఉంది. ఆ రోజుకల్లా తన ఒంటికి తగ్గట్టు చేయించిన గోల్ఫు కర్రలు, అదే క్లబ్బులు, చేతిలో ఉండి తీరాలని ఆయన పంతం.

ఆ పంతం వెనక ఒక అబద్ధం ఉంది. కూతురి పెళ్లి మాటలప్పుడు వియ్యంకుడు గంటన్నరసేపు నోరు మెదపకుండా కూర్చున్నాడు. ఆయన వంతెనలు కట్టి రిటైరైన ఇంజనీరు. ఆయనకు గోల్ఫంటే ప్రాణమని ఎవరో అన్నారు. ఆ మౌనం భరించలేక డాక్టరు, "నేనూ ఇరవై ఏళ్లుగా ఆడుతున్నానండీ" అనేశాడు. ఇంజనీరు ముఖం చేటంత అయింది. సాయంత్రాలు ఆలస్యంగా వచ్చేది ఇందుకా అని భార్యా కూతురూ కూడా నమ్మేశారు. నిజానికి డాక్టరు అప్పటికి గోల్ఫు బంతిని చేత్తో కూడా ముట్టుకోలేదు. అబద్ధమాడినా అతికినట్టుండాలి కదా అని, పెళ్లయ్యాక నాలుగు నెలలపాటు గుట్టుగా పాఠాలు చెప్పించుకున్నాడు, ఆట మాత్రం అబ్బలేదు. ఈలోగా అత్తవారింట్లో కూతురు, "మా నాన్నతో ఒక్కసారి ఆడి చూడండి మావయ్యగారూ" అని ఊరించి ఊరించి ఆదివారం ఆట ఖాయం చేసింది. గుట్టు బయటపడితే తన పరువు ఒక్కటే పోయేదైతే డాక్టరు సర్దుకునేవాడే. కానీ అక్కడ కూతురి మాట పోతుంది. అది తలుచుకుంటే ఆయనకు ముద్ద దిగడం లేదు.

ఆ శనివారం దవడపన్ను మొండికేసింది. "నొప్పేమీ ఉండదు, కళ్లు మూసుకోండి" అని పేషెంటుకు ధైర్యం చెప్పి డాక్టరు బలమంతా పెట్టి లాగాడు. పన్ను వచ్చింది. డాక్టరు నడుం ఎడమవైపు పట్టేసింది. ఆయన పెట్టిన కేకకు పేషెంటే కంగారుపడి లేచి, ఆయన్ని తన కుర్చీలో కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాడు.

వంగినవాడు వంగినట్టే స్టూడియోకు వెళ్లాడు. అది పొడవాటి గది. ఒక చివర పెద్ద వల, పక్కన బంతి వేగం చూపించే తెర, గోడల నిండా కర్రలు. కొలతలు తీసే ఫిట్టరు చెవి మీద పెన్సిలు పెట్టుకున్న మితభాషి. డాక్టరు మణికట్టు నుంచి నేల దాకా టేపు పెట్టి కొలిచాడు. మళ్లీ కొలిచాడు. క్లబ్బు అడుగున ఒక పట్టీ అంటించి, చెక్కపలక మీదున్న బంతిని కొట్టమన్నాడు. పట్టీ మీద గీత ఎటువైపు పడితే క్లబ్బు అటువైపు నేలకు రాసుకుంటోందన్నమాట. గీత ఒక కొసన పడింది.

"సార్, మీరెప్పుడూ ఇలాగే నిలబడతారా?" అని ఫిట్టరు మెల్లగా అడిగాడు.

నడుం పట్టిందని ఒక్క మాట చెబితే సరిపోయేది. మరో రోజు రమ్మనేవాడు. కానీ మరో రోజంటే ఆటకు క్లబ్బులు అందవు. పైగా ఆటగాడి హోదా ఒకటుంది.

"ఇరవై ఏళ్లుగా ఇదే నా పద్ధతి" అన్నాడు డాక్టరు, పళ్ల బిగువున నవ్వుతూ.

"కొంచెం నిటారుగా..."

"అబ్బే, నా పద్ధతి మార్చకండి. దానికి తగ్గట్టు చెయ్యండి."

ఫిట్టరు చేతిపనిలో నిజాయితీపరుడు. చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాడు. కర్రలు రెండంగుళాలు కోయాలి, వాటి కొసనున్న తలలు ఎడమ ఒంపుకు సరిపోయేలా వంచాలి. పన్నెండు రోజుల్లో అందుతాయన్నాడు.

ఇంటికొచ్చిన డాక్టరును చూసి భార్య గుండెలు బాదుకుంది. "ఏవండీ, అలా ఒరిగిపోయారేంటి! ఎవరికైనా చూపించుకోండి" అని మర్నాడే ఫిజియోథెరపిస్టు దగ్గరికి లాక్కెళ్లింది. ఆ ఫిజియోథెరపిస్టు రోజూ అరగంట చొప్పున పది రోజులు పీకి, నొక్కి, సాగదీసింది. పదకొండో రోజుకు డాక్టరు తన పెళ్లినాటికన్నా నిటారుగా నిలబడ్డాడు.

పన్నెండో రోజు, గురువారం, క్లబ్బులొచ్చాయి. పెరట్లో బంతి పెట్టి డాక్టరు ఊపాడు. క్లబ్బు బంతికి తగలకుండా పైనుంచి గాలిని కోసుకుంటూ పోయింది. రెండోసారీ అంతే. మూడోసారి మోకాళ్లు వంచి కొడితే బంతి ఉన్నచోటే ఉంది, పూలకుండీ మాత్రం రెండైంది.

"కర్రలు బాలేవా?" అంది భార్య కిటికీలోంచి.

"కర్రలు కాదు, క్లబ్బులు!" అని కసిరి, శుక్రవారం పొద్దున్నే వాటిని మోసుకుని స్టూడియోకు పరిగెత్తాడు.

ఫిట్టరు ఆయన్ని పైనుంచి కింది దాకా చూశాడు. టేపు తీసి కొలిచాడు. "క్లబ్బుల్లో తప్పేం లేదు సార్. ఆ రోజు వచ్చిన మనిషికి ఇవి అతికినట్టు సరిపోతాయి. మీరే మారిపోయారు."

"ఎలాగోలా మళ్లీ మార్చు బాబూ. ఎల్లుండే ఆట."

"కోసిన కర్ర అతకదు సార్. కొత్తవి తెప్పించాలంటే వారం పడుతుంది. అరువిచ్చేందుకు కూడా ఏమీ లేవు, అన్నీ టోర్నమెంటుకు పంపేశాం." ఫిట్టరు పెన్సిలుతో తల గోక్కుని, "ఆ రోజు నడుం ఇప్పుడు రాదా?" అన్నాడు. పాపం, అతను నిజంగానే అడిగాడు.

డాక్టరుకు ఆ మాట పట్టుకుంది. మనిషికి క్లబ్బులు సరిపోనప్పుడు, క్లబ్బులకు మనిషే సరిపోవాలి! శనివారం పొద్దున లేస్తూనే పడగ్గదిలో బీరువాను కౌగిలించుకుని లేపబోయాడు. చప్పుడు విని వచ్చిన భార్య కళ్లు చెమర్చాయి. ఆ బీరువాను పక్కగదిలోకి జరపమని ఆవిడ ఆరేళ్లుగా మొత్తుకుంటోంది.

"ఇన్నాళ్లకు నా మాట చెవికెక్కిందా! చేసే చేత్తో ఆ మంచం కూడా ఇటు తిప్పండి. వాషింగ్ మెషీను వెనక తుడవాలి, అదీ లాగండి."

సాయంత్రానికి ఇల్లు కొత్త రూపు దిద్దుకుంది. డాక్టరు నడుం మాత్రం ఉక్కుముక్కలా ఉంది. ఫిజియోథెరపిస్టు అంత బాగా చేసింది మరి. ఆవిణ్ని ఆయన మనసులో తిట్టని తిట్టు లేదు.

ఆదివారం పొద్దున ఆశ వదులుకుని, కిందపడ్డ మేజోడు తియ్యడానికి వంగాడు. నడుం కలుక్కుమంది!

"పట్టేసింది! ఒసేయ్, పట్టేసింది!" అని సంతోషం పట్టలేక అరిచాడు. భార్య పరుగెత్తుకొచ్చి, వంగిపోయి వెలిగిపోతున్న ఆ ముఖం చూసి నిర్ఘాంతపోయింది. ఆయన ఆత్రంగా క్లబ్బు తీసి చేతపట్టి చూసుకున్నాడు. ముఖం మాడిపోయింది. నడుం ఈసారి కుడివైపు పట్టింది.

వెళ్లక తప్పదు. మైదానం దగ్గర కూతురు ఎదురొచ్చి, "నాన్నా, మావయ్యగారు వారం నుంచీ మీ గురించే మాట్లాడుతున్నారు" అని మురిసిపోయింది. కత్తితో పొడిచినట్టయింది డాక్టరుకు. ఇంజనీరు కారు పక్కన నిలబడి ఉన్నాడు. ఎందుకో ఆయన కూడా కారును వదిలి ఇవతలికి రావడం లేదు.

కుడివైపు ఒరిగిన డాక్టరు వెళ్లి పక్కన నిలబడగానే ఇద్దరి తలలూ టక్కున తగిలాయి. ఇంజనీరు ఎడమవైపుకు ఒరిగి ఉన్నాడు! అది ఆప్యాయత అనుకుని కూతురు ఫొటో తీసింది.

ఆట మొదలయ్యే చోట ఇంజనీరు తన క్లబ్బు తియ్యనేలేదు. "బాగున్నాయే మీవి. ఒకసారి ఇవ్వండి బావగారూ" అని డాక్టరు సంచీలోంచి ఒకటి లాగాడు. నిలబడ్డాడు. క్లబ్బు గడ్డి మీద ఒద్దికగా ఆనింది. ఊపాడు. బంతి గీత గీసినట్టు సూటిగా వెళ్లి ఎక్కడో దూరంగా పడింది.

ఇంజనీరు ఇటు తిరిగాడు. ఆయన కళ్లనిండా నీళ్లు.

"మూడు నెలలైంది బావగారూ, బంతి సూటిగా వెళ్లి. మెట్ల మీద జారిపడ్డాను. నడుం ఇలా ఉండిపోయింది. ఇక నిటారు కాదన్నారు. ఆట మానిపిస్తారని, గోడలకూ కుర్చీలకూ ఆనుకుని నెట్టుకొస్తూ ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఇవాళ్టితో క్లబ్బులు అటకెక్కించేద్దామనే వచ్చాను." ఆయన క్లబ్బును తడిమి చూశాడు. "నా ఒంటికి కొలిచినట్టు చేయించి తెచ్చారు. మీకెలా తెలిసింది?"

డాక్టరుకు సిగ్గుతో చెవులు మండాయి. అంత మంచివాడి ముందు ఇక దాచడం తన వల్ల కాలేదు. కూతురు వింటున్నా సరే అనుకున్నాడు. "బావగారూ, నన్ను క్షమించండి. ఇవి మీ కోసం చేయించినవి కావు. నా నడుం పట్టినప్పుడు నాకే కొలిచారు. అసలు నాకీ ఆటే రాదు. ఇరవై ఏళ్లన్నది పచ్చి అబద్ధం."

ఇంజనీరు ఆయన్ని గట్టిగా కావలించుకుని కోడలి వైపు తిరిగాడు. "విన్నావా అమ్మా? నేను మొహమాటపడతానని, చేయించింది నా కోసం కాదన్నట్టు ఎలా మాట్లాడుతున్నారో! నేనేమో ఈ నడుంతో ఆడుతుంటే, పక్కన తాను గొప్పగా ఆడితే నన్నెక్కడ చిన్నబుచ్చినట్టవుతుందో అని ఆటే రాదంటున్నారు. ఇంత మర్యాదస్తుణ్ని నేనెక్కడా చూడలేదు."

"నిజంగా రాదండీ!" అని డాక్టరు మొత్తుకున్నాడు.

"చాల్లెండి బావగారూ" అని ఇంజనీరు కన్నీళ్లలోంచే నవ్వి, రెండో బంతి పెట్టుకున్నాడు. కూతురు తండ్రి చెయ్యి పట్టుకుని, "నాన్నా, మీకు ఇంత మంచి మనసుందని నాకే తెలీదు" అంది.

ఇరవై ఏళ్ల అబద్ధాన్ని రెండిళ్లవాళ్లూ ఒక్క మాటకే నమ్మేశారు. నిజం మాత్రం డాక్టరు ఇప్పటికి పదిహేనుసార్లు చెప్పాడు, ఎవరూ నమ్మడం లేదు.