రెండు ఈలలు

ఆ ఉదయం కండక్టరమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడింటికి పడవెక్కాలి, ఎదురుగా కనిపించే దీవిలో దిగాలి, అక్కడి తెల్లటి ఇసుకలో కాళ్లు చాపుకోవాలి. ముప్పై ఏళ్లు బస్సులో అందర్నీ కూర్చోబెట్టి తను నిలబడ్డ మనిషి. ఒక్క ప్రయాణమైనా దర్జాగా కూర్చుని చెయ్యాలని ఆవిడ కోరిక. అందుకే, కరెంటు రోజుకు మూడు గంటలే ఉండే ఈ సముద్రతీరానికి పెద్దవాళ్ల యాత్రలో పేర్లు రాయించి, రిటైరైన డ్రైవరు భర్తను వెంటబెట్టుకు వచ్చింది.

కొయ్య వంతెన మొదట్లోనే గైడు చెయ్యి అడ్డం పెట్టాడు.

"డెబ్బై దాటినవాళ్లకి పడవ లేదు బామ్మగారూ. ఆ దీవిలో డాక్టరుండడు. మీకూ తాతగారికీ అదిగో, రెండు కుర్చీలు వేయించాను. హాయిగా చూస్తూ కూర్చోండి."

"బామ్మేమిటయ్యా? డెబ్బై దాటింది మొన్న మంగళవారమే!"

"రూల్సమ్మా. నా చేతుల్లో లేదు."

ఈ మాటలేవీ డ్రైవరుగారి చెవిన పడలేదు. ఉప్పునీళ్లకు పాడవుతుందని చెవి మిషను గదిలోనే వదిలేశాడు. పైగా అప్పటికే పడవలో ఉన్నాడు. దానికి బిగించింది పాత బస్సు ఇంజిను. గేరు రాడ్డూ, స్టీరింగూ సహా. తప్పిపోయిన తమ్ముడు దొరికినట్టు దాన్ని నిమురుతున్నాడు. పడవవాడు ఇంజిను స్టార్టు చేసి, వేడెక్కేలోగా డీజిల్ డబ్బా తెద్దామని వెళ్లాడు.

గైడు పడవెక్కిన జనాన్ని లెక్కపెట్టాడు. ఒకసారి ఎనిమిది, ఇంకోసారి తొమ్మిది. కండక్టరమ్మ ప్రాణం ఉండబట్టలేదు. గైణ్ణి పక్కకు నెట్టి వంతెన చివరికి నడిచింది.

"సర్దుకోండి, సర్దుకోండి! టీచరమ్మా, సంచి ఒళ్లో పెట్టుకోండి. ముందుకి జరగండి!"

క్షణంలో అందరూ కుదురుకున్నారు. అడ్డంగా ఉన్న పడవ తాడు విప్పి లోపలికి విసిరింది. ఆ పైన ఆవిడ ప్రమేయం లేకుండానే చెయ్యి మెడలోని ఈల మీదికి పోయింది. రిటైరైన రోజు డిపోలో తిరిగివ్వని వస్తువు అదొక్కటే.

రెండు ఈలలు వేసింది.

మాటలు వినబడని ఆ చెవులకి ఈల మాత్రం వినబడుతుంది. రెండు ఈలలంటే బయల్దేరమని; అవి వినబడ్డాక ఎందుకని అడిగే అలవాటు డ్రైవరుగారికి ఏనాడూ లేదు. గేరు వేశాడు. పడవ కదిలిపోయింది.

"తాతగారూ, ఆపండి!" గైడు గావుకేక పెట్టాడు. పడవవాడి చేతిలో డబ్బా జారిపోయింది.

"గైడు బాబూ, నీకంటే ముందెళ్తున్నాం, ఏమీ అనుకోకు!" అంది టీచరమ్మ లోపల్నుంచి.

కండక్టరమ్మ గబుక్కున ఒక్క ఈల వేసింది. పడవ ఆగింది. ఆగింది సరిగ్గా రెండు బండరాళ్ల మధ్య. గైడు తనూ సాయం చేద్దామని జేబులోంచి ప్లాస్టిక్ ఈల తీసి ఎడాపెడా ఊదాడు. దాంతో పడవ కదలడం, ఆగడం, మళ్లీ కదలడం. ఎవరో మునిగిపోతున్నారనుకుని జాలర్లు ఆరు పడవల్లో వచ్చి ముందుదారి మూసేశారు.

"తిప్పడానికి చోటు లేదే!" పడవవాడు నెత్తి కొట్టుకున్నాడు.

"ముందు నువ్వది నోట్లోంచి తియ్యి," అని గైణ్ణి గదిమి, కండక్టరమ్మ చెయ్యి పైకెత్తింది. పొట్టి పొట్టి ఈలలు మొదలుపెట్టింది. ఇరుకు సందులో బస్సు వెనక్కి తీసేటప్పటి ఈలలు. అద్దం లేదు గనక డ్రైవరుగారు మెడ తిప్పి ఆవిడ చేతినే చూశాడు. చెయ్యి ఎడమకి వంగితే పడవ ఎడమకి, కుడికి వంగితే కుడికి. రాళ్లను జానెడు దూరంలో తప్పించుకుని, వెనక్కి వెనక్కి వచ్చి వంతెనను మెత్తగా తాకింది. ఒక్క ఈల. ఆగింది.

పడవవాడు చేతులు జోడించాడు. "ఇరవై ఏళ్లబట్టి నడుపుతున్నా. ఇక్కడ వెనక్కి తెచ్చినోణ్ణి చూళ్లేదు. ఈయమ్మ ఎక్కకపోతే నేను పడవ తియ్యను."

"మేమూ కదలం!" అంది టీచరమ్మ. మిగతావాళ్లు చప్పట్లు కొట్టారు.

గైడు జాబితా కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. "మంగళవారమే కదా దాటింది... రండి బామ్మ... రండి మేడమ్."

కండక్టరమ్మ ముందు సీట్లో, భర్త పక్కన, కొంగు సర్దుకుని కూర్చుంది. వెనకే గైడు కాలు పెట్టబోయాడు.

"ఆగు బాబూ. పడవకి కొట్టిన ఆ పలక మీద ఎంతమందని రాసుంది?"

"పదకొండు."

"ఎనిమిదిమంది వీళ్లు. మేమిద్దరం. పడవతను. పదకొండు సరిపోయింది."

"అమ్మా, నేను గైణ్ణి!"

"రూల్సు బాబూ. నా చేతుల్లో లేదు."

రెండు ఈలలు మోగాయి.

ఒడ్డున వేసిన కుర్చీల్లో ఆ రోజు ఒకటే పనికొచ్చింది.