సెల్లార్‌లో మూడో స్తంభం

నందనం రెసిడెన్సీ సెల్లార్‌లో మూడో స్తంభం బీటలు వారి కూలిపోయింది కాబట్టి, దాని చోట సోమవారం నుంచి మనిషి నిలబడాలని అసోసియేషన్ తీర్మానించింది.

ముందు చందా వేసి కట్టిద్దామనే అనుకున్నారు. "స్తంభం ఉన్నది కింద. మాకేం సంబంధం?" అన్నారు అయిదో అంతస్తువాళ్ళు. "బరువు మీది. మేమెందుకు పెట్టుకోవాలి?" అన్నారు మొదటి అంతస్తువాళ్ళు. వాళ్ళిద్దరిదీ తేలాక చెబుతామన్నారు మధ్యవాళ్ళు. ఉన్న నిధి గేటు మీద ఆర్చికే అయిపోయింది. దూలానికి దన్నుగా పెట్టిన సరుగుడు కర్రలకి రోజూ అద్దె. మనిషికైతే అద్దె ఉండదు. కాబట్టి డబ్బివ్వని ప్రతి ఫ్లాటూ వంతులవారీగా ఒక మనిషినివ్వాలని ప్రెసిడెంటు ధర్మారావు మినిట్స్‌లో రాయించాడు. మగవాళ్ళందరూ సంతకాలు పెట్టారు. ఇవ్వడానికి ప్రతి ఇంట్లోనూ ఒక మనిషి ఉంది.

మొదటి వంతు మూడో అంతస్తు వారిజది. "ఎలాగూ ఇంట్లోనే ఉంటావుగా" అన్నాడు భర్త శేషుబాబు. ఆమె దూలం కింద కుడి భుజం ఆన్చి నిలబడింది. ఎత్తు చాలకపోతే కాళ్ళ కింద ఇటుకలు పెట్టారు.

వంతు అయిపోయినా రెండో మనిషి రాలేదు. అయిదో అంతస్తు మంజువాణి వచ్చింది గానీ, నిలబడడానికి కాదు. "నువ్వు నిలబడ్డప్పటి నుంచి మా తలుపులు బిగుసుకోవడం లేదు వదినా. నీ భుజం మంచిది" అంది. ఆ మాట మినిట్స్‌కెక్కింది. ఎడమ చెయ్యి ఖాళీగానే ఉంటుంది కాబట్టి శేషుబాబు గ్యాస్ స్టవ్ దింపించి ఆమె పక్కన పెట్టించాడు. శుక్రవారం ఆడవాళ్ళందరూ వచ్చి, గడపకి రాసినట్టే ఆమె పాదాలకి పసుపు రాసి, బొట్లు పెట్టి వెళ్ళారు.

పదిహేనో తారీఖున వారిజకి డ్రైవింగ్ టెస్టు ఉంది. ఎవర్నీ బతిమాలకుండా గుంటూరులో చెల్లెలింటికి తనే కారు నడుపుకుంటూ వెళ్ళిరావాలని నేర్చుకుంది. ఎనిమిది అంకె మీద బండి బాగా తిప్పుతోందని నేర్పినాయనే మెచ్చుకున్నాడు.

"ఒక్క పూట ఎవరైనా నిలబడండి" అని అడిగింది.

ధర్మారావు నొచ్చుకున్నాడు. "నీకు లైసెన్సెందుకు చెల్లెమ్మా? ఎక్కడికెళ్ళాలి నువ్వు?"

"వెళ్ళాలనుకున్న చోటికి."

"అందరూ ఇలా వెళతామంటే బిల్డింగు ఎలా నిలబడుతుంది?"

అప్పటిదాకా నిలబడింది అందరూ కాదని ఎవరూ అనలేదు.

పదిహేను పొద్దున వారిజ భుజం రవ్వంత దించింది. అయిదంతస్తుల్లోనూ దేవుడి మందిరాల్లో దీపాలు ఊగాయి. బాల్కనీల్లోంచి అందరూ ఒక్కసారే పిలిచారు, పేరుతో కాదు, ఫ్లాటు నంబరుతో. శేషుబాబు ఫోన్ చేశాడు. "టీవీ వంకరగా ఉంది. చూసుకో. పైన మన పాప ఇంకా నిద్ర లేవలేదు."

పాప నిద్ర లేవలేదని వారిజకి తెలుసు. తెలుసని వాళ్ళకీ తెలుసు. ఆమె భుజం మళ్ళీ ఎత్తింది.

నెలాఖరుకి ఇంజనీరు వచ్చి, స్తంభాలన్నిటినీ వేళ్ళతో తట్టి, వారిజనీ తట్టి, అన్నీ దృఢంగా ఉన్నాయని రాసిచ్చాడు. రిపేర్ల అంశం అజెండాలోంచి తీసేశారు. మనసులు కుదుటపడడంతో రంగులకి చందా మాత్రం ఒక్క రోజులో వచ్చింది. కార్లు తగలకుండా స్తంభాలన్నిటికీ నడుము దాకా పసుపూ నలుపూ పట్టీలు వేశారు. "కాస్త ఊపిరి బిగబట్టండమ్మా" అన్నాడు పెయింటరు, మూడో దాని దగ్గరికి వచ్చినప్పుడు.

ఆ సాయంత్రం శేషుబాబు కారు వెనక్కి తీస్తూ ఆమె మోకాలికి కొట్టాడు. గబగబా దిగి వచ్చాడు. వంగి, ఫోన్ లైటు వేసి చాలాసేపు చూశాడు.

"అమ్మయ్య, బంపరుకి ఏమీ కాలేదు. కాస్త రంగు అంటింది, అంతే" అన్నాడు. "తుడిచెయ్. ఆ చెయ్యి ఖాళీయేగా."

వారిజ ఎడమ చేత్తో తుడిచింది. పైన ఏ దీపమూ కదలలేదు.