మెదడు తయారీకి నిరభ్యంతర పత్రాలు

మెదడు తయారు చేయడంలో ప్రకృతి ఒకే ఒక్క పొరపాటు చేసింది: ఆఫీసు పెట్టలేదు. కర్నూలు శివార్లలోని మూలకణ పరిశోధన సంస్థ ఆ లోటును పూర్తిగా తీర్చింది.

మూలకణం అంటే ఇంకా ఏమీ కాని కణం, ఏదైనా కాగల కణం (ఇంటర్ ఫలితాలు రాకముందు మన పిల్లల్లాగా). 'చర్మంగా మారు' అనే సంకేతాన్ని ఆపేస్తే అది నాడీకణం దారి పడుతుంది. ఆ తర్వాత ఎవరూ కదిలించకపోతే తనంతట తానే మెదడు ముందు భాగం వైపు నడుస్తుంది. అక్కడ సరైన వేళకు హెడ్జ్‌హాగ్ అనే ప్రొటీన్ సంకేతం అందితే, తక్కిన కణాలను అదుపులో పెట్టే నాడీకణమవుతుంది. అందకపోతే, తక్కినవాటిని ఉసిగొల్పే రకం అవుతుంది. నందికొట్కూరు అమ్మాయి శివజ్యోతి పీహెచ్‌డీ అంతా ఆ అదుపు చేసే కణాల మీదే. అవి పుడితే పట్టా. పుట్టకపోతే, గడువు పొడిగించమని సంస్థను బతిమాలుకోవాలి.

నియమావళి ప్రకారం, ఒక కణం మెదడులో చేరాలంటే అది చేరకుండా పోతున్న విభాగాలన్నీ నిరభ్యంతర పత్రాలివ్వాలి. ఆ తర్వాతే సంకేతం కొనాలి. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ పూజారులు ముగ్గురు. చర్మ విభాగం వెంటనే ఇచ్చింది. గుండె విభాగం, మాకు రావాల్సిన కణాలను మెదడువాళ్లు లాక్కుంటున్నారని అలిగింది. కాలేయ విభాగంలో సంతకం పెట్టే అధికారి శ్రీశైలం వెళ్లాడు. (ఆయన తిరిగొచ్చేవరకు ఎదగవద్దని కణాలకు సర్క్యులర్ జారీ అయింది. అందినట్టు కణాల నుంచి రసీదు లేదు.)

ఎట్టకేలకు అలకా తీరింది, సంతకమూ పడింది; ఇంకా వేళ మించకముందే హెడ్జ్‌హాగ్ సీసా మంచుపెట్టెలో వచ్చింది. శివజ్యోతికి ప్రాణం లేచొచ్చింది. స్టోర్సుకు పరుగెత్తింది. అక్కడి సూపరింటెండెంట్ రామలింగయ్యది బేతంచెర్లలో తరాలుగా బండల వ్యాపారం చేసిన ఇల్లు.

"సీసా యాడ పెట్టినారు సార్?"

"దేవుని పటం ముందర, తల్లీ. పొద్దున్నే పసుపు కుంకుమ పెట్టి, దీపం గూడా ముట్టించినా."

"అది చలిలోనే ఉండాల సార్! ఎండలు సూడండి, ఎట్లా మండుతాండాయో!"

"దేవుని కాడ ఎండ ఏం చేస్తాదమ్మా? కొత్త సరుకు ఆయనకు చూపించకుండా వాడితే కలిసొస్తాదా?"

శివజ్యోతికి ఏడుపు ముంచుకొచ్చింది. ఆయన నిజంగానే ఆమె మేలు కోరి చేశాడు, తిట్టడానికి నోరు రాలేదు. (ఇలాంటి మేలుకు విరుగుడు ఇంకా కనిపెట్టలేదు.) ఇంకో సీసా కావాలంటే మళ్లీ గుండె విభాగం అలక తీర్చాలి. చేసేదిలేక ఆ వెచ్చబడ్డ సంకేతాన్నే కణాలకు పోసింది. అవి దాన్ని పట్టించుకోలేదు. అన్నీ ఉసిగొల్పే రకంగానే ఎదిగాయి.

సమీక్షా సంఘం అధ్యక్షుడు ఉమామహేశ్ మైక్రోస్కోపులో చూసి మురిసిపోయాడు.

"మెదడు కణాలే కదమ్మా! సంకేతం పని చేయకుండానే అయినాయంటాండావు?"

"అవును సార్. కానీ నాకు కావాల్సినవి ఇవి కాదు సార్."

"శానా మంచిది."

సంస్థ ఏమీ చేయకపోయినా మెదడు పెరుగుతుందని రుజువైంది గనుక ఆ ఘనత సంస్థదేననీ, ఇకపై సంకేతాలు కొనడం దండగనీ సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది.

శివజ్యోతి, తాను పెట్టుకున్న గడువు పొడిగింపు అర్జీ ఏమైందని అడిగింది.

"దానికి జవాబు ఇయ్యంలేమ్మా," అన్నాడు అధ్యక్షుడు ఆప్యాయంగా. "నిన్ను గూడా ఎవరూ కదిలించకుంటే, నువ్వే ఏదో ఒకటి అవుతావు."