కృపారాణి రక్తం బాగుంది

మనిషిని పట్టుకుని "ఒంట్లో ఎలా ఉంది?" అని అడగడం శుద్ధ అనాగరికం! అడిగితే ఏం చెబుతారు? కీళ్ళు నొప్పులంటారు, నీరసమంటారు, అన్నం సయించడం లేదంటారు. వినేవాడికి వేరే పనుండదా? అదే రక్తాన్ని అడగండి. ఒక్క నంబరు చెప్పి నోరు మూసుకుంటుంది.

ఈ సత్యాన్ని అందరికంటే ముందు గ్రహించిన మహానుభావుడు చీపురుపల్లి లెక్కల మాస్టారు జాన్. ఆయన భార్య కృపారాణికి లూపస్. ఒంటిని కాపాడాల్సిన కాపలాదార్లే ఒంటి మీద పడి కొట్టే జబ్బది. ఆ కాపలాదార్లను యాంటీబాడీలంటారు. రక్తంలో వాటి లెక్క తీస్తే జబ్బు రేగిందో అణిగిందో చాలావరకు తెలుస్తుందని వైజాగులో డాక్టరమ్మ చెప్పింది. సరిగ్గా "చాలావరకు" అన్న మాట దగ్గర మాస్టారికి ఫోనొచ్చింది. బయటికెళ్ళి మాట్లాడుకున్నారు.

అప్పట్నించి ఆ ఇంట్లో ఎంత సుఖమనుకున్నారు! నిరుడు వేసవిలో కృపారాణి హాయిగా తిరుగుతోంది. కళింగపట్నం నుంచి చెల్లెలు పంపిన చేపలు తనే బాగుచేసి పులుసు పెట్టింది. సాయంత్రం రిపోర్టు వచ్చింది. నంబరు పెరిగింది!

"మంచమెక్కు" అన్నారు మాస్టారు.

"నాకేటీ లేదండీ, బాగానే ఉన్నాను" అంటే మాత్రం వింటారా? చెల్లెలి కూతురి నిశ్చితార్థానికి కూడా పంపలేదు. చూడ్డానికి బత్తాయిలు పట్టుకొచ్చిన చుట్టాలు ఆవిడ పెట్టిన పులుసే తిని, "పాపం, మంచాన పడిపోయింది" అనుకుంటూ వెళ్ళారు.

ఈ ఏడు నంబరు దిగింది. అసలు లేనట్టే! మాస్టారి ఆనందానికి పట్టపగ్గాల్లేవు. ఆదివారం ఆరాధనలో కృతజ్ఞత కానుక, దేవుడు చేసిన మేలు అందరి ముందూ చెబుతూ కృపారాణి సాక్ష్యం, ఆ తర్వాత ఇంటి దగ్గర అందరికీ కోడి పలావు. అంతా ఖాయమయ్యాక ఆవిడ క్రమశిక్షణ తప్పింది. కాళ్ళు వాచాయట! మూత్రం నురగలు నురగలుగా పోతోందట!

"ఏవండీ, సెప్పులు కాళ్ళకి పట్టడం లేదు. ఒక్కసారి వైజాగ్ తీసుకెళ్ళండి."

"కొత్త సెప్పులు కొందాం. నంబరు సూసుకోలేదేటి? ఇంత బాగుంటే వైజాగెందుకు?"

అత్తగారు కాంతం మరీ శాస్త్రీయంగా మాట్లాడింది. "రిపోట్లో లేని నొప్పి నీకెక్కడ్నించొచ్చిందే పిల్లా?"

నిజమే కదా! నొప్పి అన్నాక ల్యాబువాళ్ళ అనుమతి తీసుకుని రావాలిగాని, తోచినప్పుడల్లా వచ్చి కూర్చుంటే సంసారాలు సాగుతాయా?

ఆదివారం చర్చిలో కృపారాణి ముందు బెంచీ పట్టుకుని లేచింది. అందరికీ వినబడేలా చెప్పింది. "దేవుడికి స్తోత్రం. నా రక్తం బాగుందట. నేను మాత్రం బాగోలేనండి. కాళ్ళకి నీరొచ్చీసింది. ఎవరైనా నన్ను ఆస్పత్రికి తీసుకెళ్తారా?"

"స్తోత్రం!" అంది సంఘమంతా ఒక్క గొంతుతో.

సాక్ష్యం అయ్యాక స్తోత్రం అనడం అలవాటు. సాక్ష్యం వినడం అలవాటు కాదు. మాస్టారైతే అందరికంటే గట్టిగా అన్నారు.

ఆవిడ గోడు పట్టించుకున్నది ఒక్కర్తే. పలావుకని వచ్చిన పక్కింటి పద్మకుమారి, వడ్డిస్తున్న కృపారాణి పాదాలు చూసి పళ్ళెం కింద పెట్టేసింది. "ఒసే కృపా, ఇవేటే ఇలా పొంగిపోనాయి! ఇంట్లో ఎవరూ సూడనేదా?" మర్నాడు పొద్దున్నే తనే వెంటబెట్టుకుని రైలెక్కించింది.

"ఎలా ఉందమ్మా?" అంది డాక్టరమ్మ. కృపారాణి సంచిలోంచి రిపోర్టు తీసి ఇచ్చింది. ఆ ప్రశ్నకి జవాబు అదేనని ఇంట్లో నేర్పారు మరి!

డాక్టరమ్మ దాన్ని పక్కన పెట్టింది. "ఇది తర్వాత చూస్తాను. ముందు నువ్వు చెప్పు."

కృపారాణి ఏడ్చేసింది. డాక్టరమ్మ ఆవిడ చీలమండ మీద బొటనవేలితో నొక్కి తీస్తే సొట్ట అలాగే ఉండిపోయింది. మూత్రం కూడా పరీక్ష చేయించింది. నంబరు అణిగినా కొందరికి జబ్బు లోపల తన పని తాను చేసుకుపోతుందనీ, ఈసారి మూత్రపిండాల మీద పడిందనీ, ఇంకా ముందే రావలసిందనీ చెప్పి వార్డులో చేర్చుకుంది.

సాయంత్రానికి మాస్టారు ఆదరాబాదరాగా వచ్చారు. మంచం పక్కన నిలబడి "ఎలా ఉన్నావు?" అన్నారనుకున్నారా? ఎంత మాట! "మేడమ్, మళ్ళీ రక్తం తీయండి. ఈవిడ సెప్పింది కరెక్టో కాదో తేలిపోతాది" అన్నారు.

కాబట్టి శాస్త్రవేత్తలకు నాదొక విన్నపం. కష్టపడి ఇన్ని యాంటీబాడీలు కనిపెట్టారు, ఇంకొక్కటి కనిపెట్టి పుణ్యం కట్టుకోండి. కట్టుకున్నవాడు ఏళ్ళ తరబడి "ఎలా ఉన్నావు?" అని ఒక్కసారైనా అడగకపోతే, ఆడమనిషి రక్తంలో పెరిగే యాంటీబాడీ. దాని నంబరు చూపిస్తేగాని జాన్ మాస్టారు నమ్మరు.