ముందు ఫెయిలవ్వాలి

"ఇకపై మీ సమయమంతా రోగులదే!" అని ఇన్సూరెన్స్ కంపెనీ వైస్ ప్రెసిడెంట్ బ్రాంట్లీ గారు ప్రకటించినప్పుడు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది నేనే. ఒహాయోలో మా మూలకి, మా చిన్న క్లినిక్‌కి అంతటి మనిషి రావడమే గొప్ప. పైగా వట్టి చేతులతో రాలేదు, ఒక ఫోన్ నంబరు తెచ్చారు. మందులకి అనుమతి కోసం ఇక పదిచోట్ల అడుక్కోనక్కర్లేదు, ఒక్కచోటే అడుక్కోవచ్చు.

మా నర్సు ప్రాక్టీషనర్ మార్లీస్‌కి రోగిని పరీక్షించి మందు రాసే అధికారం ఉంది. ఆ మందు అతనికి అందాలా వద్దా అన్నది కంపెనీ దయ. నంబరు వచ్చాక ఆవిడ పని ఎంత సులువైందో రిసెప్షన్‌లో కూర్చుని కళ్లారా చూశాను. ఒక చెవితో ఫోన్లో లైన్లో ఆగమని వాళ్లు పెట్టే సంగీతం, ఇంకో చెవితో రోగి గుండె వినేది.

స్కూల్ బస్సు నడిపే వెండెల్‌కి ఉబ్బసం. తన ఇన్‌హేలర్‌తో హాయిగా ఉండేవాడు. ఈ ఏడు స్కూల్ వాళ్ల ఇన్సూరెన్స్ ఈ కంపెనీకి మారింది. అది ముందు చవకది వాడమంది. అది పనిచేయక రోగి 'ఫెయిలైతేనే' మంచిది ఇస్తారు.

"ఆ చవకది నిరుడే వాడాడండీ! ఊపిరాడక ఆస్పత్రిలో పడ్డాడు," అంది మార్లీస్ ఫోన్లో.

"అప్పుడు వేరే కంపెనీ కదా మేడమ్. మా దగ్గర ఫెయిలవ్వాలి," అంది అవతలి గొంతు.

"మీ డాక్టరుకివ్వండి."

కాసేపటికి ఒక పెద్దాయన పలికాడు. "నేను కాళ్ల డాక్టర్ని. చెప్పండి."

"ఊపిరితిత్తుల సంగతండీ."

"పాదాలెలా ఉన్నాయి?"

"బాగానే ఉన్నాయి."

"మరి తొందరేముంది?"

"ఫెయిలవడం నాకు కొత్తేం కాదులే అమ్మాయ్, బళ్లో లెక్కలన్నీ తప్పినవాణ్ణే," అని ఎదురుగా కూర్చుని అంతా వింటున్న వెండెల్ నవ్వబోయి దగ్గులో పడ్డాడు.

"వేళాకోళం కాదు వెండెల్. ఈసారి ప్రాణం మీదికి రావచ్చు," అంది మార్లీస్.

నాకూ ఒళ్లు మండింది. కానీ ఆ కంపెనీ ఇన్సూరెన్స్ కార్డే నా పర్సులోనూ ఉంది.

నెల తిరక్కుండానే బ్రాంట్లీ గారు నంబరు విజయోత్సవానికి మళ్లీ వచ్చారు. ఫోన్ బల్లకి రిబ్బన్ కట్టారు. తృప్తి చెందిన రోగిగా ఫోటోలో ఉండడానికి వెండెల్‌ని పక్కన కూర్చోబెట్టుకున్నారు. ఉపన్యాసం సగంలో ఉండగా వెండెల్ పెదాలు నీలంగా మారాయి. చవక ఇన్‌హేలర్ ఎన్నిసార్లు నొక్కినా లాభం లేకపోయింది. మార్లీస్ ఆక్సిజన్ పెట్టింది, నేను అంబులెన్స్‌ని పిలిచాను, అతన్ని తీసుకుపోయారు.

"ఫెయిలయ్యారు! చూశారా, మా పద్ధతి ఎంత చక్కగా పనిచేస్తుందో!" అన్నారు బ్రాంట్లీ గారు.

మార్లీస్ ఆ నంబరుకే ఫోన్ చేసింది. ఉత్సవం కదా, స్పీకర్ ఆన్‌లోనే ఉంది.

"ఫెయిలయ్యాడు. ఇప్పుడైనా ఆ మందు ఇవ్వండి."

"అంబులెన్స్‌కి ముందుగా అనుమతి తీసుకున్నారా మేడమ్?"

"ఊపిరాడక పడిపోయాడయ్యా!"

"అనుమతి లేకుండా ఫెయిలైతే లెక్కలోకి రాదు మేడమ్. మళ్లీ మొదట్నుంచీ ప్రయత్నించమనండి."

స్పీకర్‌లో సంగీతం మొదలైంది. బ్రాంట్లీ గారు కత్తెర అందుకున్నారు. వెండెల్ కుర్చీ బోసిగా కనబడుతోందని ఫోటోగ్రాఫర్ నన్ను అందులో కూర్చోమన్నాడు. ఊపిరి బాగా పీల్చి, నవ్వమన్నాడు.