పదకొండో అంశం

"పదేళ్ళుగా మా బోర్డులో ఒక్క విషయంలోనూ అభిప్రాయభేదం రాలేదు" అని తిస్తెలో దీవికి పడవలు నడిపే ప్రభుత్వ ఫెర్రీ సంస్థ అధ్యక్షుడు యెర్కర్, స్టాక్‌హోమ్ నుంచి వచ్చిన పత్రికల వాళ్ళకు ప్రకటించాడు. నిజమే. అభిప్రాయభేదం రావాలంటే ముందు అభిప్రాయం ఉండాలి. జిల్లా ఎన్నికల్లో ఓడిపోయిన ఆరుగురు పెద్దలకు వాళ్ళ పార్టీలు గౌరవంగా చూపించిన చోటు ఆ బోర్డు. వాళ్ళలో ఒక్కరూ ఆ ఫెర్రీ ఎక్కి ఎరగరు. ఒకాయనకైతే పడవ బొమ్మ చూసినా కడుపులో తిప్పుతుంది.

కార్యదర్శి గున్‌బోరి ఇరవై రెండేళ్ళుగా ఈ దక్షతను కళ్ళారా చూస్తోంది. సమావేశం మినిట్స్ ఆమె ముందురోజే రాసేసేది. ఎన్నడూ ఒక్క మాట మార్చాల్సిన పని పడలేదు.

ఈసారి మాత్రం ఆమె మనసు మనసులో లేదు. పదకొండో అంశం కెప్టెన్ ఉత్తరం. ఫెర్రీలోకి బండ్లు ఎక్కే ర్యాంపు పగుళ్ళిచ్చింది, సముద్రం గడ్డకట్టేలోగా బాగుచేయకపోతే చలికాలమంతా దీవికి ఏ బండీ రాదు, పోదు. ఆ దీవిలో గున్‌బోరి చెల్లెలు మైకెన్ ఉంది. వారానికి మూడుసార్లు ఆసుపత్రి వ్యానులో ఒడ్డుకొచ్చి డయాలిసిస్ చేయించుకుంటేనే ఆమె బతుకుతుంది. ఆ ఉత్తరం ఇప్పటికి మూడు సమావేశాలు చూసింది. మూడుసార్లూ "తెలుసుకున్నాం, ఫైల్లో పెట్టండి" అన్నారు.

మూడో అంశం, కాఫీలోకి దాల్చినచెక్క బన్నులు ఏ బేకరీవి తెప్పించాలన్నది, గంటన్నర పట్టింది. మిగతావి పరుగెత్తాయి.

"పదకొండు. కెప్టెన్ గారు మళ్ళీ రాశారు. ఒక్కసారి చదివి వినిపించనా?" అంది గున్‌బోరి.

"ఎందుకమ్మా, పాత సంగతేగా! అభ్యంతరాలా? లేవు" అంటూ యెర్కర్ చెక్కసుత్తి టక్కున కొట్టాడు. ఆ చప్పుడుకి గుర్రాల వ్యాపారి హాల్‌స్టెన్ మేలుకుని "సమ్మతమే" అన్నాడు.

"మా చెల్లెలు అక్కడే ఉందండీ."

"అయ్యో పాపం. అడిగానని చెప్పు."

గున్‌బోరికి ఒళ్ళు మండిపోయింది. అందరూ కాఫీకి లేవగానే పక్క గదిలోకి వెళ్ళి మినిట్స్‌లో ఒక పేజీ మార్చింది. "సుదీర్ఘ చర్చ అనంతరం, ర్యాంపును తక్షణం మరమ్మతు చేయించాలని బోర్డు ఏకగ్రీవంగా తీర్మానించింది." ఆరుగురూ అలవాటు ప్రకారం చదవకుండా, బన్ను లేని చేత్తో సంతకాలు పెట్టారు.

నవంబరు ఆఖరుకు ర్యాంపు బాగైంది. మైకెన్ వ్యాను ఒక్కరోజూ ఆగలేదు. బోర్డు ముందుచూపును మెచ్చుకుంటూ స్థానిక పత్రిక ఫోటో కూడా వేసింది.

తర్వాతి సమావేశంలో ఆ ఫోటో చేతులు మారింది.

"ఆ రోజు ఎంత వాదించాను!" అన్నాడు యెర్కర్.

"నువ్వెక్కడ వాదించావయ్యా? బల్ల గుద్దింది నేను కదూ!" అన్నాడు హాల్‌స్టెన్.

"గున్‌బోరీ, నీ మినిట్స్‌లో ఒకటే లోటు" అన్నాడు యెర్కర్. "నా ప్రసంగం వదిలేశావు. మనిషి ప్రాణం కంటే ఏదీ ఎక్కువ కాదన్నానే, అది."

"పొరపాటేనండీ. ఈసారి చేరుస్తాను."

చేర్చింది. దాని కింద ఇంకో నాలుగు ముక్కలు రాసింది. "పన్నెండో అంశం: బోర్డు లేకున్నా సంస్థ పనులు జరుగుతాయని బోర్డు గుర్తించింది. నేటితో తనను తాను రద్దు చేసుకుంటోంది. ఏకగ్రీవం."

యెర్కర్ తన ప్రసంగాన్ని రెండుసార్లు చదువుకుని, తృప్తిగా సంతకం పెట్టాడు. మిగతా ఐదుగురూ పెట్టారు.

"గున్‌బోరీ, వచ్చే సమావేశానికి బన్నులు కాస్త పెద్దవి తెప్పించు" అన్నాడు యెర్కర్, కోటు తొడుక్కుంటూ.