కెప్టెన్ పోయిన శుక్రవారం

శుక్రవారం పొద్దున విబెకె అనుకున్నవి నాలుగే పనులు. కాఫీ తాగడం, అటక ఎక్కడం, సినిమాలో మిగిలిన ఆఖరి ఘట్టాన్ని మధ్యాహ్నంలోగా ముగించడం, సాయంత్రం ఐదింటికి బడి హాల్లో పిల్లలకు చూపించడం. మార్‌స్టాల్ అనే ఆ చిన్న రేవు ఊరి బడి పిల్లలు నలభై మంది తమ ఇళ్ళలోని ఆట ఇటుకలన్నీ బుట్టలకెత్తి ఆమెకు తెచ్చిచ్చి ఏడాదయింది. వాటితోనే ఆమె ఓడ కట్టింది, సముద్రం కట్టింది, దొంగల దీవి కట్టింది. బొమ్మను వెంట్రుకవాసి జరిపి ఒక ఫొటో, మళ్ళీ జరిపి మరో ఫొటో, ఇలా పన్నెండు తీస్తే తెరమీద ఒక్క సెకను. ఇక మిగిలిందల్లా, బొటనవేలంత కెప్టెన్ బొమ్మ తుఫానులో చుక్కాని పట్టుకుని ఓడను ఒడ్డుకు చేర్చడమే.

అటక ఎక్కి చూస్తే ఓడ ఉంది, తుఫాను ఉంది, కెప్టెన్ లేడు.

విబెకె కిటికీలోంచి తల బయటపెట్టి, పెరట్లో బట్టలారేస్తున్న మొగుణ్ణి కేకేసింది. "ట్రోల్స్! కెప్టెన్ పోయాడు!"

"అయ్యో! ఎప్పుడు?"

"నిన్న సాయంత్రం దాకా నిక్షేపంగా ఉన్నాడు. పొద్దున చూస్తే లేడు!"

కంచె అవతల గులాబీ కొమ్మలు కత్తిరిస్తున్న గున్‌హిల్డ్ చేతిలో కత్తెర ఆగిపోయింది. ఆ వీధిలో కెప్టెన్ అంటే ఒక్కడే, రెండిళ్ళ అవతలుండే ఎవాల్డ్. నలభై ఏళ్ళు ఓడలు నడిపి, ఇప్పుడు ఎవరు పలకరించినా గుర్రుమంటూ బతుకుతున్న ఒంటరి ముసలాయన.

"నిజమేనా ట్రోల్స్?"

"నిజమేనండీ. మా ఆవిడ తట్టుకోలేకపోతోంది. ఏడాదిగా రోజుకు ఎనిమిది గంటలు అటకమీద కెప్టెన్‌తోనే గడిపింది కదా!"

గున్‌హిల్డ్ కంచెకు ఇంకాస్త దగ్గరగా జరిగింది. "నీకు... తెలుసా ఈ సంగతి?"

"తెలియకపోవడమేంటి, భోజనం నేనే పైకి పట్టుకెళ్ళేవాణ్ణి. ఇప్పుడు ఐదింటికి అందరూ బడికి వచ్చేస్తారు. ఏం చెప్పాలో ఏమో!"

పోయినవాళ్ళ గురించి చెడు తలవకూడదని గున్‌హిల్డ్ మనసును అదుపు చేసుకుంది. తన వాకిట్లో స్తంభం మీది జెండాను సంతాపంగా సగానికి దించి, ఫోను అందుకుంది. ఎవాల్డ్ తలుపు తట్టి చూద్దామని ఆమెకు తోచకపోలేదు. కానీ పోయినవాడి తలుపు తట్టి ఏం లాభం? నిజానికి ఎవాల్డ్ తెల్లారగానే పడవేసుకుని చేపలకు వెళ్ళాడు.

పదకొండయ్యేసరికి వీధిలో జెండాలన్నీ సగానికి దిగాయి, ఐదింటికి బడిలో సంతాపసభ అన్న కబురు ఊరంతా పాకింది. విబెకె అవేవీ చూడలేదు. నేలమీద బోర్లా పడుకుని బీరువా కింద టార్చి వేసి వెతుకుతోంది. ఫోను మోగింది. చర్చి పాస్టరమ్మ బోడిల్.

"సంగతి తెలిసింది విబెకే. ధైర్యంగా ఉండమ్మా. పెట్టె సంగతి ఎవరైనా చూస్తున్నారా?"

"పెట్టె మొత్తం నేనే వెతికానండీ. అందులో లేడు."

"లేడా?"

"రెండు టోపీలు, ఒక కాలు ఉన్నాయి. ఆ కాలు కూడా అతనిది కాదు, దొంగది."

ముప్ఫై ఏళ్ళుగా అంత్యక్రియలు జరిపిస్తున్న బోడిల్ ఇలాంటిది ఎన్నడూ వినలేదు. "సాయంత్రం ప్రార్థన కాస్త పొడుగ్గా చేద్దాంలే," అని పెట్టేసింది. కెప్టెన్ దొరకాలని కాబోలు అనుకుని విబెకె మళ్ళీ బీరువా కింద దూరింది.

నాలుగున్నరకు ఎవాల్డ్ బుట్టనిండా చేపలతో రేవుకొచ్చాడు. ఎటు చూసినా జెండాలు సగానికే ఉన్నాయి. అడుగుదామంటే రేవులో పురుగు లేదు. ఎవరో పెద్దమనిషి పోయాడన్నమాట. ఎంత ముక్కోపి అయినా మర్యాద తెలిసినవాడు. ఇంటికెళ్ళి నల్లకోటు తొడుక్కుని, నాలుగు పూలు కోసుకుని, బడి ముందు ఆగిన సైకిళ్ళను చూసి లోపలికెళ్ళి ఆఖరి వరసలో కూర్చున్నాడు.

ముందు పిల్లలు, వెనక నల్లబట్టల్లో ఊరంతా. గోడవారగా బల్లల మీద కేకులు, రొయ్యలు పరిచిన నల్లటి రై ధాన్యపు రొట్టె ముక్కలు. పిల్లల సినిమాకి ఇంతమందా అని విబెకె మురిసిపోయే లోపే గున్‌హిల్డ్ వేదిక ఎక్కేసింది.

"ఆయన నోరు మంచిది కాదు," అంది గున్‌హిల్డ్. "కానీ మా ఆయన మంచాన పడ్డ చలికాలమంతా, మా వాకిట్లో మంచు ఎవరో తెల్లారకముందే ఎత్తిపోసేవారు. ఒకరోజు కిటికీలోంచి చూశాను. ఆయనే. నేను చూశానని తెలిస్తే మానేస్తాడని ఇన్నేళ్ళూ నోరెత్తలేదు."

ఎవాల్డ్ కళ్ళు తుడుచుకున్నాడు. ఇలాంటి పని చేసేవాడు ఊళ్ళో ఇంకొకడున్నాడన్నమాట! పక్కావిడ వైపు వంగి, "ఎవరండీ పోయింది?" అన్నాడు.

ఆవిడ రుమాల్లోంచి తల ఎత్తకుండానే చెప్పింది. "కెప్టెన్ ఎవాల్డ్ అండీ."

"ఎప్పుడు?" అన్నాడు ఎవాల్డ్ కంగారుగా.

ఆవిడ తల తిప్పి చూసి కెవ్వున అరిచింది. హాలంతా వెనక్కి తిరిగింది. గున్‌హిల్డ్ చేతిలో కాగితం జారిపోయింది. "నువ్వు పోయావు కదా!"

"చేపలకు పోయాను!" అని గర్జించాడు ఎవాల్డ్.

విబెకెకు అప్పటికి వెలిగింది. "ఇంత కెప్టెన్ అండీ! బొమ్మ!" అంటూ బొటనవేలు ఎత్తి చూపించింది. ముందు పిల్లలు నవ్వారు, తర్వాత పాస్టరమ్మ నవ్వింది, ఆ తర్వాత హాలు దద్దరిల్లింది. అటక సంగతి కూడా తేలిపోవడంతో గున్‌హిల్డ్ గుండె తేలికపడింది.

సినిమా మొదలైంది. పిల్లలు తమ తమ ఇటుకలను గుర్తుపట్టి కేరింతలు కొట్టారు. కానీ తుఫాను రేగి, ఓడ గిరగిరా తిరిగే చోట తెర చీకటైపోయింది.

"మరి ఓడ ఏమైంది?" అంది ముందు వరసలో ఓ చిన్నది.

విబెకె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఏడాది కష్టం, నలభై మంది నమ్మకం, చేతిలో ముగింపు లేదు.

"తుఫానులో చుక్కాని వదిలేసి పోతాడా, బుద్ధిలేని వెధవ!" ఎవాల్డ్ పూలు పక్కన పడేసి తెర ముందుకొచ్చాడు. కుర్చీ వీపును చుక్కానిలా పట్టుకున్నాడు. "మీ పదిమందీ అలలు. మీరు గాలి. పాస్టరమ్మా, మీరు తెరచాప. ఏం చూస్తున్నారు, ఓడ మునిగిపోతోంటే!"

ఊరివాళ్ళు ఇన్నాళ్ళూ తప్పించుకు తిరిగిన ఆ గొంతు తుఫానుకు అతికినట్టు సరిపోయింది. అలలు ఎగిరాయి, గాలి ఊళ పెట్టింది, పాస్టరమ్మ రెండు చేతులూ చాచి ఊగింది. అరగంటకు ఓడ ఒడ్డు చేరేసరికి పిల్లలు ఎవాల్డ్ మెడకు వేలాడుతున్నారు. సినిమా ముగియకుండానే ఆగిందని ఒక్కరికీ గుర్తులేదు. బొమ్మ కెప్టెన్ ఆ సాయంత్రమే ట్రోల్స్ ఆరేసిన విబెకె ఏప్రన్ జేబులో దొరికాడు, ఏప్రన్‌తో పాటు తానూ శుభ్రంగా ఉతుకు పడి.

తన సంతాపానికి వచ్చిన కేకులో మూడో ముక్క తింటూ ఎవాల్డ్ గున్‌హిల్డ్ పక్కన చేరాడు. "అంత బాగా మాట్లాడావే. మళ్ళీ ఒకసారి చెప్పకూడదూ?"

"అయిపోయింది," అంది గున్‌హిల్డ్. "నిజంగా పోయినప్పుడు కూడా ఇక నన్ను అడక్కు."